గడియారం ముందు నెమ్మదించిన చేతులు

పోయిన నెల గుండె డాక్టరు నన్ను నడక మిషను ఎక్కించాడు. ఛాతీ మీద తీగలు అంటించి, పక్కన నిలబడి, చేతిలో గడియారం చూస్తూ "ఊఁ, నడవండి" అన్నాడు. నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి. కింద పట్టా నన్ను వెనక్కి లాక్కుపోతోంది, నేను పోతున్నాను. "ఆయాసంగా ఉందా?" అని కంగారుపడ్డాడు డాక్టరు. "లేదు సార్, అలవాటు" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. గడియారం పట్టుకున్న మనిషి రాసుకునేది ఏదీ నాకు మంచి చేయదని అప్పటికే తెలుసు కనుక, ఏం రాశాడని అడగలేదు.

ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలని చాలాకాలంగా ఉంది. మా అపార్ట్‌మెంటు నుంచి బెళ్ళందూరు ఆఫీసులకు పోయే పిల్లలు అప్పుడప్పుడు నన్ను పట్టుకుని, "అంకుల్, గవర్నమెంటు, కంపెనీ, యూనియన్ ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే ఉద్యోగాలు బాగుపడతాయా? స్కిల్స్ పెరుగుతాయా?" అని అడుగుతారు. వాళ్ళకు ఆఫీసులో ఏదో సెమినారు ఉంటుంది. బాగుపడతాయి, పెరుగుతాయి అంటాను. సంతోషంగా లేచిపోబోతారు. కూర్చోండి, ఇంకా అయిపోలేదు అంటాను. సరిగ్గా అప్పుడే వాళ్ళకు ఫోన్లు వస్తాయి. అందుకని ఇలా రాస్తున్నాను. చదివేటప్పుడైనా ఫోన్ పక్కన పెట్టండి.

నేను అంగళ్ళవాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. బెంగుళూరు నగర్తపేటలో మా నాన్నకు లేసులు, బొత్తాలు, జరీ అంచులు అమ్మే అంగడి ఉండేది. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని అమ్మ అనేది. గిరాకీ ధర నచ్చక మెట్లు దిగితే నాన్న వెంటనే పిలవడు, గల్లీ మలుపు దాకా పోనిచ్చి పిలుస్తాడు. తాను కొనడానికి పోయినప్పుడు తానే మెట్లు దిగి, ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు రిక్కించుకుని మెల్లగా నడుస్తాడు. నేను ఫ్యాక్టరీలో చేరి, ఆ తర్వాత యూనియన్ సెక్రటరీ అయ్యేటప్పటికి నా దగ్గరున్న విద్య అదొక్కటే. కార్మిక చట్టాలు తరువాత చదువుకున్నాను. పుస్తకంలో అవి ఎంత బాగుంటాయో! ఆఫీసులో బల్ల మీదికి వచ్చేసరికి మళ్ళీ బొత్తాల బేరమే.

మా ఫ్యాక్టరీ పీణ్యలో ఉండేది. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రాత్రింబవళ్ళు టకటకమనే చిన్న చిన్న స్విచ్చీలు మేము చేసేవాళ్ళం. వాటి గుండెకాయ కాయిల్. వెంట్రుక కంటే సన్నని రాగి తీగను బాబిన్ మీద చుట్టాలి. ఆ పని అంతా ఆడవాళ్ళదే. మదనపల్లె, హిందూపురం, కదిరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది, కన్నడం వాళ్ళు, తమిళం వాళ్ళు కొందరు. అందరికీ పెద్ద దిక్కు ముందు బెంచీలో కూర్చునే ఒక అక్క. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. భర్త తాపీమేస్త్రీ, గోడకు కట్టిన సారవ కర్రల మీది నుంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. ఆమె జీతమే ఆ ఇంటికి తిండి, మందు, అద్దె.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఎంతసేపట్లో ఎన్ని కాయిళ్ళు చుడతారో కొలవడానికి ఒక ఉద్యోగి వచ్చేవాడు. చేతిలో స్టాప్‌వాచీ. అందరూ ఆయన్ను గడియారమాయన అనేవాళ్ళు. ఆయన తలుపు దగ్గర కనబడగానే ముందు బెంచీ అక్క చేతిలోని, సన్నతీగ పట్టుకునే చిమటా కింద పడేది. టింగుమని చప్పుడు. ఆ చప్పుడుకు షెడ్డులోని చేతులన్నీ నెమ్మదించేవి. పని ఆగదు, తప్పు జరగదు, ముఖాల్లో తేడా ఉండదు. చేతులు మాత్రం నీళ్ళలో కదిలినట్టు కదిలేవి. ఆయన రాసుకుని పోయేవాడు. ఆయన రాసుకున్నదే నార్మ్, అంటే రోజుకు చేయాల్సిన కనీస పని. అది దాటితేనే ఇన్సెంటివ్, జీతం మీద అదనపు డబ్బు.

దీన్ని మోసం అనుకునేవాళ్ళు ముందు ఇది వినండి. నేను కొత్తగా చేరినప్పుడు ఒక అమ్మాయి, చిన్నది, మెప్పు పొందాలని గడియారమాయన ముందు గబగబా చుట్టి చూపించింది. ఆయన "శభాష్" అన్నాడు. మరుసటి నెల బెంచీ మొత్తానికి నార్మ్ పెరిగింది. అందరి ఇన్సెంటివూ పోయింది. శభాష్ అన్నవాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత షెడ్డులో చేరిన ప్రతి మనిషికీ తీగ పట్టుకోవడం కంటే ముందు నేర్పింది ఈ నెమ్మదినే. నేర్పిన వాళ్ళలో యూనియన్ ఉంది. ప్రెస్ షాపులో, మెషిన్ షాపులో మగవాళ్ళకూ ఇదే ఆచారం, చప్పుళ్ళే వేరు.

తొంభైల చివరికి వచ్చేసరికి ఎక్స్ఛేంజీలన్నీ ఎలక్ట్రానిక్ అయిపోయాయి. టకటక ఆగిపోయింది. కాయిల్ సెక్షన్ మూసేస్తామని కంపెనీ నోటీసు పెట్టింది. ఎలక్ట్రానిక్ సిటీలో కొత్త షెడ్డు వేసి సర్క్యూట్ బోర్డులు తయారుచేస్తారట, దానికి బయటి నుంచి చదువుకున్న పిల్లలను తెస్తారట. మా ఆడవాళ్ళకు ఏదో కొంత ఇచ్చి, దండం పెట్టి పంపిస్తారట.

అక్క యూనియన్ ఆఫీసుకు వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"ఏమన్నా, మమ్మల్ని ఇంటికి పంపిస్తాండారంట?"

"పంపనీయమక్కా. కొత్త పని నేర్పించమని అడుగుతాం."

"నేర్పితే నేర్చుకుంటాం. డబ్బులిచ్చి ఇంటికి పొమ్మంటే, ఆ ఇంట్లో ఏముండాది? మంచం ఉండాది, మంచం మీద ఆయన ఉండాడు. నేనూ పోయి పక్కన పండుకుందునా?"

సమ్మె దాకా పోయాక ప్రభుత్వం కదిలింది. కార్మిక శాఖ అధికారి ఒకాయన పెద్దగా, కంపెనీ ఒక పక్క, యూనియన్ ఒక పక్క చర్చలు మొదలయ్యాయి. అధికారి కన్నడం ఆయన, మంచివాడే. మా నగర్తపేటలో బేరం జరిగేటప్పుడు పక్కంగడి ఆయన ఒకడు వచ్చి, టీ తాగుతూ, రెండు పక్కలా తల ఊపుతుంటాడు చూడండి, అలాంటి మంచివాడు. ఎవరు ఏమన్నా "ఇద్దరూ ఒక మెట్టు దిగండి" అనేవాడు. బయట వాన పడుతోంది సార్ అన్నా అదే అనేవాడేమో.

కంపెనీ తరఫున పర్సనెల్ మేనేజరు. కోస్తా జిల్లాల మనిషి. ఆయన తెలుగు వినడానికి ముచ్చటగా ఉండేది. "ఏవండీ సెక్రటరీగారూ" అని తీయగా పిలిచాడంటే ఆ రోజు మా జేబులోంచి ఏదో పోతుందని అర్థం.

"ఎనిమిది నెలల ట్రైనింగ్ కావాలి" అన్నాను. నాకు కావలసింది మూడు.

"ఎనిమిది నెలల్లో విమానం నడపడం నేర్పొచ్చండీ."

"అదే నేర్పండి సార్. మీ ఫ్యాక్టరీలో ఎగిరిపోయే దారి ఒకటి తెలిసి ఉండటం మంచిది."

అధికారి నవ్వి, ఇద్దరూ ఒక మెట్టు దిగండి అన్నాడు. దిగుతూ దిగుతూ మూడు నెలల దగ్గర ఆగాం. షిఫ్టు వేళల్లోనే ట్రైనింగ్, పూర్తి జీతం, ఖర్చులో కొంత ప్రభుత్వానిది. ట్రైనింగ్ చివర ఒక పరీక్ష. కోరిన నాణ్యత, కోరిన వేగం అందుకున్నవాళ్ళందరూ పాత సర్వీసుతో కొత్త లైనుకు. ఆ రోజు నేను ఇంటికి ఈల వేసుకుంటూ పోయాను. ఈ వయసులో చెబుతున్నా, బేరం ముగించి ఈల వేసుకుంటూ పోయేవాణ్ణి ఎప్పుడూ నమ్మకండి.

ట్రైనింగ్‌కు ఒక సంస్థ నుంచి మాస్టరు వచ్చాడు. గోడ మీద వెలుగు బొమ్మలు వేసి ఇంగ్లీషులో చెప్పేవాడు. వారమైనా ఒక్కరి చేతికి పనిముట్టు రాలేదు. మధ్యాహ్నం క్లాసుకు సగం మంది నిద్ర. మా అక్క వచ్చి, "ఆయప్ప సినిమా ఏస్తాండాడు, కథ మాత్రం ఒక్కరికీ తెలియడం లేదు" అంది. నేను పోయి గలాటా చేశాను. స్కిల్, స్కిల్ అని చర్చలు జరిగినన్నాళ్ళూ ముగ్గురం జపం చేసిన టేబుల్ ఉందే, ఆ ముగ్గురిలో నేర్చుకునేవాళ్ళకు ఏ భాష వచ్చో అడిగినవాడు ఒక్కడూ లేడు. నాతో కలిపి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

మాస్టరును మార్చారు. కొత్తాయన కన్నడంలో చెబుతూ, టంకం పెట్టే కడ్డీలు, భూతద్దాలు చేతికిచ్చాడు. అప్పటి నుంచి చూడాలి. నువ్వుగింజంత ముక్కను చిమటాతో ఎత్తి బోర్డు మీద దాని చోట పెట్టి, టంకం చుక్క వేయాలి. సన్నతీగతో ఏళ్ళు గడిపిన వేళ్ళకు అది కొత్త కాదు, కానీ కొత్తే. అక్క ఒకరోజు బొటనవేలి మీద కాలిన మచ్చ చూపించి మురిసిపోయింది.

"చూడన్నా, కాల్చుకున్నాను."

"దానికి సంతోషమెందుకక్కా?"

"ఇన్నేండ్లూ ఒకే పని చేసి చేసి, నాకింకేమీ రాదనుకున్నా. వస్తాంది."

ఆమె ముఖం అలా ఉండగా నేను చూసింది ఆ కొన్ని వారాలే.

పరీక్ష రోజు హాల్లో బెంచీలు వరసగా వేశారు. ఒక పక్క తెల్లగుడ్డ పరిచిన టేబుల్, దాని వెనక అధికారి, మేనేజరు, నేను. బిస్కెట్లు, టీ. ఆడవాళ్ళు కొత్త నీలం కోట్లు వేసుకుని కూర్చున్నారు. కొందరు పొద్దున్నే గుడికి పోయి వచ్చారు, కుంకుమ ఇంకా ఆరలేదు. "మొదలుపెట్టండి" అన్నాడు మేనేజరు. చేతులు కదిలాయి. చూస్తుంటే కడుపు నిండింది.

అప్పుడు పక్క తలుపు తీసుకుని గడియారమాయన వచ్చాడు.

టింగుమంది చిమటా.

హాలు మొత్తం నీళ్ళలో మునిగినట్టయింది. ప్రతి చెయ్యీ నెమ్మదించింది. అంతా ఎంత పొందికగా! ఒక్కరూ తడబడలేదు. నువ్వుగింజంత ముక్కను ఎత్తి, చూసి, తిప్పి, మళ్ళీ చూసి, పెళ్ళికూతురికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా పెడుతున్నారు. నాకు గొంతులో బిస్కెట్ అడ్డం పడింది. లేచి అరవలేను, పక్కన అధికారి. దగ్గాను. అక్క చూసింది. తొందరగా చేయమని టేబుల్ కింద నుంచి చెయ్యి తిప్పాను. అక్క నన్ను చూసి మెల్లగా తల ఊపింది. ఏళ్ళ తరబడి ఆ మనిషి ముందు నేను చేసిన సైగలన్నిటికీ అర్థం ఒకటే కదా, నెమ్మదించమని. పక్క బెంచీకి చూపు తిప్పి, ఇంకా నెమ్మదించింది.

గంట కొట్టారు. నాణ్యతలో వంక పెట్టడానికి లేదు. వేగం దగ్గరే చాలామంది తప్పారు. మేనేజరు పెదవి విరిచి, "అయ్యో పాపం, వయసు కూడా అయింది కదండీ" అన్నాడు. అధికారి స్టెనోను పిలిచి, వీరికి కొత్త పనికి తగిన సామర్థ్యం లేదని తేలింది అని చెప్పి రాయిస్తున్నాడు. సంతకం పెట్టనన్నాను. కుర్చీ వెనక్కి తోసి బయటికి నడిచాను. మెట్లు దిగాను, నాన్నలాగా నెమ్మదిగా, చెవులు రిక్కించుకుని. స్కూటర్ స్టాండు దాకా పోయాను. స్కూటర్ అద్దం తుడిచాను. రెండో అద్దం కూడా తుడిచాను. ఎవరూ పిలవలేదు.

క్యాంటీన్‌లో ఆడవాళ్ళు నవ్వుతూ ఎదురొచ్చారు.

"ఏమన్నా, బాగా చేసినాం గదా?" అంది అక్క. "నువ్వు సైగ చేయకపోతే ఇంకొంచెం తొందర పడిపోయేవాళ్ళం."

చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో టిఫిన్ డబ్బా మూత పెట్టిన చప్పుడు.

"ఇది నార్మ్ కోసం కాదక్కా. మీరుండడానికి పెట్టిన పరీక్ష."

"ఆ మాట ముందే చెప్పినారా?" అక్క గొంతు లేచింది. "మీరు ముగ్గురూ అన్ని దినాలు కూర్చుని మాట్లాడినారే, ఆయప్ప వస్తాడని ఎవరైనా చెప్పినారా? నిన్నటి గడియారం వేరు, ఈ పొద్దుటి గడియారం వేరు అని మాకెట్ల తెలుస్తాది? గడియారం గడియారమే గదన్నా!"

 

ఆ సాయంత్రమే యూనియన్ కమిటీ కూర్చుంది. మళ్ళీ పరీక్ష పెట్టమని అడగాలంటే కారణం చెప్పాలి. ఉన్న కారణం ఒక్కటే, వాళ్ళు కావాలని నెమ్మదిగా చేశారు. అది నోరు జారితే ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి నార్మూ అబద్ధమని మేమే ఒప్పుకున్నట్టు. పైగా కావాలని పని నెమ్మదించడం రూల్సు ప్రకారం నేరం, ఉద్యోగం పోతుంది. మా ప్రెసిడెంటు ప్రెస్ షాపు మనిషి, బల్ల గుద్దాడు.

"ఆడోళ్ళు ఎట్లాగో నాలుగేండ్లకు ఇంటికి పోయేటోళ్ళేనప్పా! వాళ్ళ కోసం ప్రెస్ షాపు నార్మ్ అమ్మేస్తావా?"

"ఆడోళ్ళ చందాతోనే నువ్వు కూర్చున్న కుర్చీ కొన్నాం" అన్నాను.

"కుర్చీ తీసుకుపోప్పా అట్లయితే!"

కుర్చీ తీసుకుపోలేదు. కారణం చెప్పకుండా ఇంకో దారి చూడమని తీర్మానించారు. కాబట్టి మరుసటి సమావేశంలో నేను లైటు సరిగా లేదన్నాను. బెంచీల ఎత్తు సరిపోలేదన్నాను. లోపల సరుకు లేదని తెలిసినా గిరాకీ ముందు పెట్టెలు దించుతూ ఉంటాడు చూడండి అంగడివాడు, అలా. అధికారి మూడుసార్లు ఆవులించాడు. టీ విరామంలో మేనేజరు నన్ను వరండాలోకి తీసుకుపోయాడు.

"ఏవండీ సెక్రటరీగారూ, లైటు బాగానే ఉంది కదండీ. చిమటా పడ్డ చప్పుడు మాక్కూడా వినబడింది."

టీ గ్లాసు వరండా పిట్టగోడ మీద పెట్టాను.

"ఇన్నేళ్ళుగా వినబడుతూనే ఉందండీ. మాకు తెలియదనుకున్నారా? అందుకే కదా ఆయన్ని పంపించింది."

ఒక్క క్షణం ఆయన చొక్కా కాలరు నా చేతిలో ఉన్నట్టే అనిపించింది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"మళ్ళీ పరీక్ష పెడతానండీ, గడియారం లేకుండానే. మీరు ఒక్కటి రాసివ్వండి, ఫ్యాక్టరీ మొత్తం నార్మ్‌లు మళ్ళీ కొలవడానికి యూనియన్ ఒప్పుకుంటుందని. నేనూ ఒక మెట్టు దిగినట్టుంటుంది."

అదీ సంగతి. మూడు నెలల ట్రైనింగ్, ప్రభుత్వం డబ్బు, గోడ మీద బొమ్మలు, కాలిన వేళ్ళు, ఇవన్నీ ఆయనకు అంగడి ముందు కట్టిన రంగుకాగితాలు. అసలు కొనదలచుకుంది లోపలి గదిలో ఉన్న మా నార్మ్‌లు. ఆ ఆడవాళ్ళ భయాన్ని, మేమే వాళ్ళకు నేర్పిన జాగ్రత్తను పట్టుకుని, వాళ్ళ మెడకే బిగించాడు. నాకు కోపం రావడానికి ముందు, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఎంత మంచి వ్యాపారి అనిపించింది. తర్వాత వచ్చింది కోపం. వచ్చినది ఇంకా పోలేదు.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను.  అంతా విని అడిగింది.

"మా సెక్షన్ మూసేస్తాండారు గదా?"

"అవును."

"మూసేసే సెక్షన్ నార్మ్ పెరిగితే ఎవురికి నష్టం?"

నగర్తపేటలో పుట్టి, బేరంలో నన్ను మించినవాడు లేడని తిరిగినవాణ్ణి. ఆ మాట నాకు తట్టలేదు.

మరుసటి సమావేశానికి ఆమె వచ్చింది. కార్మికులు చర్చల గదిలోకి రారు, అదొక రివాజు. మాట్లాడుకునేది వాళ్ళ గురించే కాబట్టి వాళ్ళు ఉండకూడదేమో. తలుపు దగ్గర నిలబడి అధికారికి కన్నడంలో నమస్కారం చెప్పి, మొత్తం చెప్పేసింది.

"సార్, ఆ పొద్దు మేము కావాలనే నిదానంగా చేసినాము. కాయిల్ సెక్షన్‌లో మాకది అలవాటు. మిగతా షాపుల సంగతి మాకు తెలియదు. చిమటా ఏసింది నేను. నన్ను చూసే వాళ్ళంతా చేసినారు. ఇంకొకసారి పరీక్ష పెట్టండి, అందరు గడియారాలవాళ్ళనూ పిలిపించండి."

మేనేజరు ముఖంలో మొదటిసారి తీపి పోయింది. అడిగిన ఫ్యాక్టరీ మొత్తం నార్మ్‌లు ఆయనకు దక్కలేదు, మూతపడే షెడ్డు నార్మ్ ఒకటి చేతికొచ్చింది. అధికారి కూడా మొదటిసారి మెట్టు దిగమనలేదు. "పెట్టండి మళ్ళీ" అన్నాడు.

పెట్టారు. గడియారమాయన బెంచీల మధ్య తిరిగాడు. చిమటాలు ఏవీ కింద పడలేదు. ఆ చేతుల వేగం యూనియన్‌లో ఉన్న నేను కూడా అన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు, చూపించకపోవడమే కదా మా పని. దాదాపు అందరూ నెగ్గారు.

నాకు సంబరంగా ఉంది. మేనేజరు మళ్ళీ పిలిచాడు, తీపి తిరిగి వచ్చింది.

"ఏవండీ సెక్రటరీగారూ, అందరినీ తీసుకుంటాం. కానీ కావాలని పని నెమ్మదించాం అని ఒకావిడ ప్రభుత్వాధికారి ముందు చెప్పింది. చూసీ చూడనట్టు వదిలేస్తే క్రమశిక్షణ ఏమవుతుందండీ? ఆవిడొక్కతే స్వచ్ఛందంగా రిటైరైపోయినట్టు ఒప్పందంలో రాసుకుంటే, కేసు లేదు, ఏమీ లేదు. లేదంటే అందరికీ ఛార్జిషీట్లే."

నేను అధికారి వైపు తిరిగాను. ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉన్నారని ఆయన కళ్ళు చెప్పాయి.

"ఒక్కరే కదా" అన్నాడాయన. "ఇంతమందికి మేలు జరుగుతోంది. ఒక్కరే కదా."

ఆ గదిలో నేను ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. పత్రికలో వేసుకోరు. గంటల తరబడి బేరం ఆడాను, వేడుకున్నాను, బెదిరించాను, మళ్ళీ మెట్లు దిగాను, మళ్ళీ నేనే ఎక్కాను. ఆమెను తిట్టి వదిలేయండి, సస్పెండ్ చేయండి, జీతం కోయండి అన్నాను. లేదు. తనకు దక్కాల్సిన సరుకును తలుపు దగ్గర నిలబడి చెడగొట్టిన మనిషిని మేనేజరు వదలదలచుకోలేదు.

పిల్లలూ, మీ ప్రశ్నకు జవాబు ఇంతే. ముగ్గురు కూర్చుంటే ఉద్యోగాలు నిలబడతాయా? నిలబడ్డాయి. ఆ ఆడవాళ్ళు ఎలక్ట్రానిక్ సిటీకి పోయారు. ఏళ్ళపాటు చేశారు. రెండు వేల సంవత్సరం దాటాక ఆ లైనునూ కాంట్రాక్టువాళ్ళకు అప్పగించారు, అయినా చేతిలో పని ఉంది కనుక కొందరికి ఇంకోచోట కూడు దొరికింది. స్కిల్ పెరుగుతుందా? పెరిగింది. నేను అబద్ధం చెప్పను. అది నేర్పించకుండా కంపెనీ తనంతట తాను ఒక్కరినీ ఉంచుకునేది కాదు, ప్రభుత్వం లేకపోతే కంపెనీ కూర్చునేది కాదు, మేము లేకపోతే ప్రభుత్వం లేచేది కాదు. కాబట్టి కూర్చోండి. కూర్చోవద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. కానీ ఆ టేబుల్ మీద ప్రతివాడూ తన మెట్టు దిగుతున్నట్టు కనబడుతూ ఎవరినో ఒకరిని తోస్తుంటాడు. ఎవరిని తోస్తున్నారో చూస్తూ ఉండండి. వాళ్ళు గదిలో ఉండరు.

సంతకానికి ముందురోజు ఆదివారం. అక్క ఇంటికి పోయాను. వీధిలో గుమ్మం ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. లోపల మంచం మీద ఆయన రేడియో పెట్టుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక వీధి కొళాయి గురించి ఏదో అడిగాను.

"నీళ్ళ సంగతికి ఇంతదూరం రావు గదన్నా నువ్వు. చెప్పు."

చెప్పాను. చేటలోంచి చెయ్యి తీయలేదు.

"నువ్వు సంతకం పెట్టకపోతే?"

"అందరికీ ఛార్జిషీట్లు."

"పెడితే?"

"నువ్వొక్కతివి."

రాళ్ళు ఏరి పక్కన పడేసింది. బొటనవేలి మీద మచ్చ మానింది. నేను చెప్పుకుంటూ పోయాను, కోర్టుకు పోదాం, ఇంకో కంపెనీలో చూద్దాం, నీ త్యాగం ఎవరూ మరిచిపోరు. ఆ చివరి మాటకు తలెత్తింది.

"త్యాగమా? నేనెప్పుడు చేసినా అట్లాంటిది? నాకు పని కావాలని నేర్చుకున్నా. పని కావాలనే ఆ గదిలోకి వచ్చి చెప్పినా." చేట పక్కన పెట్టింది. "పెట్టుకోన్నా సంతకం. పెట్టక నువ్వు మాత్రం ఏం చేస్తావు, అంతమంది ఉండారు. కానీ నన్ను అడిగినావని, నేను సరే అన్నానని యాడా చెప్పొద్దు. నేను సరే అనలేదు."

మరుసటి రోజు సంతకాలయ్యాయి. మైసూర్‌పాక్ పంచారు. అన్ని పక్షాల, సంబంధిత కార్మికులందరి పూర్తి సమ్మతితో ఈ ఒప్పందం కుదిరింది అని మొదటి పేజీలోనే టైపు చేసి ఉంది. కింద మా ముగ్గురి సంతకాలు.

ఆమె సరే అనలేదు.